రెండో పట్టీ ఎవరికి?

మా ఆయన జీవితంలో మొదటిసారి ఒక మనిషికి సూటిగా "కుదరదు" అని చెప్పిన రోజున నాకు వాంతి అయినంత పనైంది.

ఆయన పేరు గంగాధరం. బ్యాంకులో ఆఫీసరు. అప్పటికి ఆయన మా అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి, పొద్దున్నే నడిచేవాళ్ల సంఘానికి కోశాధికారి, కాలేజీ పాత విద్యార్థుల సంఘానికి సంయుక్త కార్యదర్శి. ఇవికాక ఎవరికో సన్మానం చెయ్యడానికి పుట్టిన ఒక సంఘం ఉంది. సన్మానం అయిపోయినా ఆ సంఘం పోలేదు, ఆయన పదవీ పోలేదు. ఎవరేం అడిగినా కాదనడం ఆయనకి చేతకాదు. నేనడిగిన వాటికి మాత్రం చక్కగా చేతనవును.

ఆ ఉదయం ఆయన కార్యదర్శి పదవికి ఫోన్లోనే రాజీనామా చేసి, "ఇంకో రెండు ఇడ్లీలు వేస్తావా?" అన్నారు. నేను సింకు పట్టుకుని నిలబడి ఉన్నాను. కడుపులో పేగులు మెలితిరుగుతున్నాయి. అరచేతులు చల్లబడిపోయాయి. అధ్యక్షుడు శేషగిరిగారు ఏమనుకుంటారో, లిఫ్టులో ఎదురైతే ఏ మొహం పెట్టుకోవాలో, ఇన్నేళ్ల స్నేహం ఏమైపోతుందో అని ఒకటే గుబులు. నాకు శేషగిరిగారంటే అంత ఇది ఎప్పుడూ లేదు. ఆ గుబులు మా ఆయనది. నాకొచ్చింది.

దీనంతటికీ కారణం మా వదినగారు.

వదిన అంటే మా ఆయన అక్కగారు, వనజాక్షి. యూనివర్సిటీలో నరాల శాస్త్రం చెప్పేది. ఆ ఉద్యోగం మానేసి, కాకినాడలో ఒక కాజాల దుకాణం మేడమీద సొంతంగా లాబొరేటరీ పెట్టుకుంది. అదొక్కటే ఆవిడ చేసిన పొరపాటు. ప్రయోగానికి వచ్చినవాళ్లందరూ సాయంత్రం పూట ఎంతో ప్రశాంతంగా అయిపోతున్నారని పొంగిపోయి, పేపరు కూడా రాయడం మొదలుపెట్టింది. కాఫీ ఇవ్వడానికి వెళ్లిన నేను, "వదినా, కింద మూకుడు పెట్టేది ఈ వేళకే కదా?" అన్నాను. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి ఒకసారి గట్టిగా గాలి పీల్చి, రాసిన కాగితాలు చింపేసింది. అప్పట్నుంచీ ప్రయోగాలన్నీ పొయ్యి వెలిగించకముందే.

ఆవిడ చేసినవి రెండు పట్టీలు. రక్తపోటు చూసేటప్పుడు చేతికి చుట్టేదానికంటే బాగా సన్నం. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. కష్టమైన విషయం ఏదైనా తేల్చుకోవలసి వచ్చినప్పుడు మనిషికి ఒంట్లో ఒక ఇబ్బంది పుడుతుంది కదా, అదే, కడుపులో మెలి, గుండెల మీద బరువు, గొంతులో ఉండ. నీలం పట్టీ దాన్ని నరాల్లోంచి లాగేస్తుంది. ఎర్ర పట్టీ కట్టుకున్నవాళ్ల నరాల్లోకి దించుతుంది. మధ్యలో సెల్‌ఫోన్లు ఉంటాయి కాబట్టి ఇద్దరూ ఒక గదిలో ఉండక్కర్లేదు, ఒక ఊళ్లో ఉంటే చాలు.

"మధ్యలో ఎక్కడన్నా పారబోసెయ్యలేమా వదినా?" అని అడిగాను.

"పోస్తున్నానుగా. పోస్తే వెనక్కి వచ్చేస్తోంది. ఎవరో ఒకరి ఒంట్లో దిగితే తప్ప పోవట్లేదు."

"ఎందుకని?"

"తెలిస్తే నీ వంటింట్లో ఎందుకుంటాను మాలా? ఇలా ఇయ్యి చెయ్యి."

నా పేరు రత్నమాల. ఎర్రది నా చేతికి, నీలం మా ఆయన చేతికి. ఇలా చెయ్యి ఇవ్వడం వల్లే నేను ఈ కథలోకి వచ్చాను.

మా ఆయన రాజీనామా మర్నాడు సాయంత్రానికే వెనక్కి వచ్చేసింది. శేషగిరిగారు ఇంటికొచ్చి, "మీరు లేకపోతే ఎలాగండీ" అన్నారట. పట్టీ లేని మా ఆయన కార్యదర్శి పదవి తీసుకుని, దానిమీద వినాయక చవితి కమిటీ కూడా తీసుకుని, మొహం వేలాడేసుకుని లోపలికొచ్చారు.

అసలు వింత అది కాదు. అదే రోజు మధ్యాహ్నం శేషగిరిగారి భార్య మా గ్రైండరు కోసం వచ్చింది. ఆవిడ కొన్నేళ్లుగా వారానికోసారి దాన్ని పట్టుకెళ్లి, అడుక్కి పిండి ఎండిపోయాక పంపిస్తుంది. నేను నోరు తెరిచేసరికి కడుపులో మెలి మొదలైంది. దాన్ని చూసి, ఓహో నువ్వా, నిన్ననే కదా పరిచయం అయ్యావు అనుకున్నాను. అది అక్కడే ఉండగా, "ఈ వారం కుదరదండీ" అనేశాను. ఆవిడ ఏమీ చచ్చిపోలేదు. నేనూ చచ్చిపోలేదు.

వదినకి చెబితే కళ్లజోడు పైకి తోసుకుని, అంతకుముందు ప్రయోగాలకి వచ్చిన వాళ్లందరికీ ఫోన్లు చేసింది. నీలం కట్టుకున్నవాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉన్నారు. ఎర్రది కట్టుకున్నవాళ్లు మారారు. ఒకాయన తమ్ముడితో ఆగిపోయిన మాటలు మళ్లీ కలిపాడు. ఒకావిడ కారు నడపడం నేర్చుకుంటోంది.

"ఇబ్బంది ఎవరిదైనా సరే, పడ్డవాళ్లకే పాఠం వస్తోంది మాలా!" అంది వదిన ఆశ్చర్యపోతూ.

"ఈ మాట నన్నడిగితే ఫోన్లోనే చెప్పేదాన్ని," అన్నాను.

తర్వాతి వారం హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లు ఇద్దరు వచ్చారు. సన్నటి బూట్లు, సన్నటి ల్యాప్‌టాప్‌లు. నీలం పట్టీ దేశమంతా అమ్ముడుపోతుందన్నారు. పెద్ద పెద్ద ఆఫీసర్లు, డాక్టర్లు, పెళ్లిచూపులకి వెళ్లే కుర్రాళ్లు, అందరూ కొంటారట. నేను కాఫీలు పట్టుకుని నిలబడి, "మరి ఆ రెండోది ఎవరు కట్టుకుంటారండీ?" అన్నాను.

"ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదండీ," అన్నాడు అందులో చిన్నతను, నా చేతిలోని పళ్లెంలోంచి గ్లాసు తీసుకుంటూ, ఆ పళ్లెం పట్టుకున్నది ఎవరో చూడకుండా.

వదిన నావైపు చూసింది. నేను అతని కాఫీ వైపు చూశాను, పంచదార వేశానా లేదా అని. వేశాను. అనవసరంగా.

ఇవన్నీ తెలిసి కూడా ఆ తర్వాత నేను చేసిన పని చేశాను. దానికి మా అమ్మాయి గురించి చెప్పాలి.

వారుణి మా ఒక్కతే కూతురు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. బ్యాడ్మింటన్ ఆడుతుంది, డబుల్స్. దాని జోడీ తబస్సుమ్, జగన్నాథపురంలో ఉంటుంది. ఇద్దరూ ఎనిమిదో తరగతిలో ఒకే కోర్టులో దిగారు, అప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకే నీడ. వారుణి వెనక నుంచి బంతిని బాదినట్టు షటిల్‌ని బాదుతుంది. తబస్సుమ్ నెట్టు దగ్గర పిల్లిలా ఉంటుంది. ఆ పిల్ల ఆటలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు. వెనక ఇది ఉంటుందని దాని ధైర్యం. మా ఇంట్లో దానికో కంచం, వాళ్లింట్లో దీనికో దుప్పటీ ఉన్నాయి.

హైదరాబాదులో ఒక పెద్ద అకాడమీ వాళ్లు వారుణిని పిలిచారు. వారుణిని మాత్రమే. అక్కడ వేరే అమ్మాయి జోడీకి సిద్ధంగా ఉందట. శనివారంలోగా ఏ సంగతీ చెప్పాలి. వెళితే జాతీయ స్థాయి. వెళ్లకపోతే కాకినాడ, తబస్సుమ్, ఇంకో ఏడాదో రెండేళ్లో జిల్లా కప్పులు.

పిల్ల తిండి మానేసింది. బాల్కనీలో కూర్చుని గోళ్ల పక్కన చర్మం పీక్కుంటోంది. "తబ్బూకి ఎలా చెప్పనమ్మా?" అంటుంది. "పోనీ వెళ్లకు" అంటే ఏడుస్తుంది. "పోనీ వెళ్లు" అంటే ఇంకా ఎక్కువ ఏడుస్తుంది.

చిన్నప్పుడు అది మాత్రలు మింగేది కాదు. అరటిపండు ముక్కలో దూర్చి పెట్టేదాన్ని. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. పట్టీలు మా ఇంట్లోనే ఉన్నాయి, మా ఆయన మీద ఇంకోసారి ప్రయోగం చెయ్యమని వదిన వదిలి వెళ్లింది. నీలం పట్టీ తెచ్చి, "అత్త ఇచ్చింది, మణికట్టు నొప్పికి మంచిదిట. తియ్యకు" అని దాని చేతికి కట్టాను. ఎర్రది నా జాకెట్టు చేతికింద కట్టుకున్నాను.

అబ్బ.

మా ఆయన గుబులు దీనిముందు గ్యాస్ ట్రబుల్. ఆయనదాంట్లో మనుషులు లేరు, వాళ్లేమనుకుంటారో అన్న భయం మాత్రం ఉంది. దీంట్లో ఒక మనిషి ఉంది. మాటలేమీ వినపడలేదు, బొమ్మలేమీ కనపడలేదు, ఉత్త బరువే. అయినా తెలిసిపోయింది. చెమటతో వీపుకి అతుక్కున్న జెర్సీ, వెనక్కి తిరగని ఆ మెడ, ఆ మెడ వెనక ఖాళీ అయిపోబోతున్న చోటు. పొయ్యి ముందు నిలబడి ఊపిరాడక గోడకి చేరగిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఇద్దరికీ పెరుగన్నం పెట్టాను కానీ, నా కూతురికి ఒక మనిషంటే ఇంత ప్రాణం అని అంతవరకు నాకు తెలీదు.

తెలిశాక కూడా విప్పలేదు. తల్లంటే నేనే అని ఒక రకమైన గర్వం.

వారుణి మాత్రం ఆ పూట పెసరట్లు వరసపెట్టి తినేసింది. పాట పాడుకుంటూ స్నానం చేసింది. బట్టలు సర్దడం మొదలుపెట్టింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇల్లంతా దాని నవ్వే.

మధ్యాహ్నం తబస్సుమ్ వచ్చింది. వారుణి బజారుకి వెళ్లిందని చెబితే, "తెలుసాంటీ, అది లేనప్పుడే వచ్చాను" అని తిన్నగా వంటింట్లోకి వచ్చి, ఫోను నా ముందు పెట్టింది.

"ఇది చదవండి."

వారుణి పెట్టిన మెసేజ్. తనకి హైదరాబాదులో సీటు వచ్చిందనీ, వెళ్లిపోతున్నాననీ, తబ్బూ ఇంకో జోడీని చూసుకోవాలనీ. చివర్లో ఒక బొటనవేలు బొమ్మ, ఒక నవ్వు మొహం.

"దీన్ని రాసింది అదేనా ఆంటీ? ఫోను ఎవరన్నా తీసుకున్నారా?"

నేను ఫోను తిరిగి దాని చేతికిచ్చాను.

"నిన్న సాయంత్రం ఆటలో నన్ను గుద్దేసింది. నేను ముందుకెళితే అదెక్కడుండాలో దానికి తెలీదా? ఇన్నేళ్లలో ఎప్పుడన్నా గుద్దిందా? 'సారీ బే' అని నవ్వింది. నా మోచెయ్యి కొట్టుకుపోయింది, చూడను కూడా చూళ్లేదు." మోచెయ్యి నాకు చూపించింది. "వెళ్లొద్దని నేనెందుకంటాను? నాకొస్తే నేను వెళ్లనా? వెళ్తాను. కానీ వచ్చి నా ఎదురుగా కూర్చుని ఏడ్చి మరీ వెళ్తాను. దీనికి నవ్వు బొమ్మ పెట్టడానికి చెయ్యెలా వచ్చింది?"

అప్పటికి నా గుండెల మీద బరువు గొంతులోకి వచ్చేసింది. బజార్లో ఎక్కడో తిరుగుతూ హాయిగా ఉన్న నా కూతురి ఏడుపంతా నా కళ్లల్లోంచి కారిపోతోంది. పమిట కొంగు సరిపోలేదు.

తబస్సుమ్ బిత్తరపోయి నా భుజం పట్టుకుంది. "అయ్యో, మీరెందుకేడుస్తున్నారు ఆంటీ? ఏడవాల్సింది అదీ!"

ఆ పిల్ల నాకు మంచినీళ్లిచ్చి, తను ఏడవకుండానే వెళ్లిపోయింది. నేను గదిలోకి వెళ్లి తలుపేసుకుని వదినకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను.

"సంతకం లేకుండా? ఆ పిల్లకి చెప్పకుండా? నీకేమన్నా బుద్ధుందా మాలా! నేను మనుషుల మీద ప్రయోగాలు చేసేదాన్నే కానీ, మనుషులకి తెలీకుండా చేసేదాన్ని కాదు!" అని ఆవిడ ఎడాపెడా తిట్టి, కాసేపు ఊపిరి తీసుకుని, "ఎంతసేపు కట్టుకున్నావ్? బరువు ముందు ఎక్కడ మొదలైంది, కడుపులోనా, గుండెల్లోనా?" అంది.

"వదినా! ఇప్పుడు విప్పేస్తే ఏమవుతుంది?"

"నీకు తగ్గుతుంది. దానికి మొదలవుతుంది."

"సగం బాధ నేను పడ్డాను కదా. మిగతా సగమేనా?"

"సగాలేం ఉండవమ్మా. నువ్వు పడ్డది నీకు. అది మొదట్నుంచీ పడాల్సిందే."

ఫోన్ పెట్టెయ్యబోతుంటే ఆవిడే మళ్లీ అంది, "ఆ కంపెనీ కుర్రాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. రెండు ఎర్ర పట్టీలు పంపిస్తాను, ముందు మీరిద్దరూ ఒక్కరోజు కట్టుకుని చూడండి అన్నాను. ఈరోజు చెయ్యలేదు." ఆ గొంతులో కొంచెం దిగులుంది. ఇన్నేళ్ల పని ఆవిడది.

వారుణి బజారు నుంచి వచ్చేసరికి నేను హాల్లో కూర్చుని ఉన్నాను. ఎర్ర పట్టీ విప్పి బల్లమీద పెట్టి, విషయం చెప్పాను. దాచకుండా, మెత్తబరచకుండా.

అది మొదట నవ్వింది. తర్వాత తన చేతికేసి చూసుకుంది. నవ్వు ఆగిపోయింది.

"నా దిగులు నువ్వు తీసేసుకున్నావా?"

"నువ్వు తిండి మానేశావే..."

"మానేస్తే మానేశాను! నీకు ఆకలేసిందా?"

"చిన్నప్పుడు నువ్వు మాత్ర మింగకపోతే..."

"అప్పుడు నాకు మూడేళ్లమ్మా!"

నీలం పట్టీ పీకి సోఫాలోకి విసిరింది. కాసేపు ఏమీ అవలేదు. గుమ్మంలో నిలబడే ఫోను తీసి తను పెట్టిన మెసేజ్ చదువుకుంది. మళ్లీ చదువుకుంది. మొహంలో రంగు మెల్లగా దిగిపోవడం నేను చూశాను. అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

"ఇది నేను పెట్టానా? నవ్వు బొమ్మ కూడా పెట్టానా?"

పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయింది. అదెక్కడ మొదలవుతుందో, ఎక్కడిదాకా వెళుతుందో నాకు దారి మొత్తం తెలుసు. అందుకే చూడలేకపోయాను. చూడకుండానూ ఉండలేకపోయాను.

"అది వచ్చింది ఇందాక," అన్నాను. "మోచెయ్యి కొట్టుకుపోయింది దానికి."

వారుణి తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్లమీదున్న ఎర్ర పట్టీని చూసింది.

"అమ్మా, మళ్లీ కట్టుకోవా? ఒక్కసారి. దాని దగ్గరికి వెళ్లి మాట్లాడి వచ్చేదాకా. నిజంగా ఇంకెప్పుడూ అడగను. ఇలా ఉంటే నాకు గొంతు కూడా పెగలదు."

నీలం పట్టీ మళ్లీ కట్టమన్నట్టు చెయ్యి చాపింది. మూడేళ్లప్పుడు ఎత్తుకోమని చాపినట్టే.

నా చెయ్యి బల్లమీదకి వెళ్లిపోయింది. ఇది నేను ఆలోచించి చేసింది కాదు. వేళ్లకి ఆ పట్టీ తగిలింది కూడా. కట్టుకోవడం ఎంతసేపు? ఆ బరువు నాకు అలవాటే, మొయ్యగలను, దానికంటే బాగా మొయ్యగలను. అక్కడే నాకు తట్టింది. నేను మొయ్యడంలో ఆరితేరిపోతూ ఉంటాను. అది తబస్సుమ్ ఎదురుగా కూర్చుని నవ్వుతూ ఉంటుంది.

"కట్టుకోనే," అన్నాను.

"అమ్మా!"

"కట్టుకోను. ఆ పిల్ల నవ్వు మొహం చూడ్డానికి రాలేదు. నీ మొహం కోసం వచ్చింది. ఇదిగో, ఇదే మొహం. ఇలాగే వెళ్లు."

"నువ్వు చాలా..." అంది. ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు. చెప్పులు వేసుకుని, మొహమైనా కడుక్కోకుండా, స్కూటీ తాళం తీసుకుని వెళ్లిపోయింది. మెట్ల మీద ఒకసారి ఆగిన చప్పుడైంది. వెనక్కి వస్తోందేమో అనుకున్నాను. రాలేదు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, "అమ్మాయేదీ?" అన్నారు. చెప్పాను. "ఇంత ట్రాఫిక్‌లో ఏడుస్తూ బండి నడిపితే ఎలా? నేను వెళ్లి తీసుకురానా?" అని చొక్కా మళ్లీ తొడుక్కోబోయారు. "కూర్చోండి" అన్నాను. నా గొంతులో ఏముందో మరి, కూర్చున్నారు. ఇద్దరం గుమ్మం కేసి చూస్తూ కూర్చున్నాం. మధ్యలో శేషగిరిగారు ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. అది ధైర్యం కాదు, ఫోన్ మోగుతోందన్న ధ్యాసే లేదు.

దీపాలు పెట్టేవేళకి వారుణి వచ్చింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. జుట్టు రేగిపోయి ఉంది. ఎడమ బుగ్గ మీద ఎర్రగా ఉంది, చెంపదెబ్బో, చెయ్యి ఆనించుకుని కూర్చుందో తెలీలేదు. అడుగులు మాత్రం తడబడలేదు.

"వెళ్తున్నాను నాన్నా," అంది. "శనివారందాకా ఎందుకు, ఇప్పుడే అకాడమీకి ఫోన్ చేసి చెప్పాను. తబ్బూ పక్కనుండగానే చేశాను."

అంటే నిర్ణయం ఏమీ మారలేదు. పట్టీ ఉన్నప్పుడు ఏం తేల్చుకుందో, లేనప్పుడూ అదే తేల్చుకుంది. మనిషి మాత్రం వేరేలా గుమ్మంలోకి వచ్చింది.

"ఏమంది తబస్సుమ్?" అన్నాను.

"చెప్పనమ్మా."

"కోపంగా ఉందా? మాట్లాడుతుందిటా ఇక?"

"అది మా ఇద్దరిదీ. చెప్పను." విసురు లేదు ఆ మాటలో. తిట్టూ లేదు. నా పక్కనుంచి వెళుతూ నా భుజం మీద ఒక క్షణం చెయ్యి వేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

తలుపవతల నుంచి ఏడుపో, ఫోన్లో మాటలో, సన్నగా ఏదో వినిపిస్తోంది. ఏదో తేల్చుకోవాలంటే తలుపు దగ్గరికి రెండడుగులు వేస్తే చాలు. మా ఆయన నావైపు చూశారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా కొత్తిమీర వలవడం మొదలుపెట్టాను.

అప్పుడే వదిన వచ్చింది. పట్టీల కోసం వచ్చాననే అంది కానీ, ముందు వంటింట్లోకే వచ్చింది.

"ఏమైంది?"

"వెళ్తుందిట."

"అది కాదు. తబస్సుమ్ ఏమందిట?"

"తెలీదు."

"అడగలేదా?"

"అడిగాను. చెప్పనంది."

"మళ్లీ అడగలేదూ?"

"లేదు."

వదిన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్ను చూసింది. ఇరవై నాలుగేళ్లుగా నన్ను ఎరిగిన మనిషి. పక్కింటి వాళ్ల పనిమనిషి ఎందుకు మానేసిందో మూలాలు లాగేదాకా నాకు నిద్రపట్టదని తెలిసిన మనిషి.

"ఎలా ఉంది?" అంది, శాస్త్రవేత్తలా కాదు, వదినలాగే.

"ప్రాణం పోతున్నట్టుంది."

"ఎక్కడ?"

కొత్తిమీర చేత్తోనే గొంతు కింద చూపించాను. ఆవిడ నా జాకెట్టు చెయ్యి పైకి జరిపి చూసింది. అక్కడ పట్టీ గుర్తు తప్ప ఏమీ లేదు.

"మరి ఇదెవరిది?"

గదిలోంచి వినిపించే ఆ సన్నని చప్పుడు ఒక్కసారి ఆగి, మళ్లీ మొదలైంది.

"నాదే, వదినా," అన్నాను.